మెరియానా చెప్పిన కొండ కథ

సోమవారం ఉదయం మూడో తరగతి పిల్లలు గోడకు అతికించిన పసుపు కాగితపు సూర్యుణ్ణి ఊలు దారాలతో బిగించి కట్టారు. పగలు మరీ పొట్టిదైపోతోందని మావుయి అనే వీరుడు తన అన్నలతో కలిసి సూర్యుణ్ణి ఉచ్చు వేసి పట్టి, మెల్లగా నడవమని మెడలు వంచిన కథ అది. ‘మావోరి పురాణ కథల వారం’ అని టీచరు ఐలీన్ ప్రెస్టన్ నల్లబల్ల మీద రంగు సుద్దలతో రాసింది. గది నిండా జిగురు వాసన, పిల్లల నవ్వులు. కిటికీలోంచి చూసినవాళ్ళెవరైనా ఆ బడిని మెచ్చుకునేవారు.

మెచ్చుకోదగిన పనే అది. ఆ బడిలో ఏళ్ళ తరబడి ఇంగ్లండు రాజుల కథలే తప్ప ఈ నేల తొలివాసులైన మావోరీల కథలు చెప్పలేదని ఐలీన్ నొచ్చుకుంది. హెడ్మాస్టరుతో వాదించి మరీ ఆ వారాన్ని సాధించింది. కానీ మంచి మనసుతో చేసిన పని కూడా, వెనక ఏం జరిగిందో తెలుసుకోకుండా చేస్తే, ఎవరిని గాయపరుస్తుందో చెప్పలేం. ఆ వారం అది గాయపరిచింది ఎనిమిదేళ్ళ మెరియానాని.

ఊరి వెనక కొండ కింద తరతరాలుగా ఉంటున్న కుటుంబం మెరియానా వాళ్ళది. అందుకే ఐలీన్ తరగతి అందరి ముందూ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, బుధవారం నాడు మెరియానా మనకి ఆ కొండ కథ చెబుతుంది, అది పుస్తకాల్లో దొరకదు, ఆమె రక్తంలోనే ఉంది అంది. పిల్లలందరూ తిరిగి చూశారు. మెరియానా తల ఊపింది. ఆ పిల్లకి కొండ కథ తెలియదు. తన భాషలో పలకరింపులు తప్ప రెండు ముక్కలు కూడా రావు.

మంగళవారం సాయంత్రం అమ్మమ్మ హేని బంగాళాదుంపలు తరుగుతుంటే మెరియానా పక్కన చేరి కొండ కథ అడిగింది. హేని కత్తి ఆపలేదు. తనకేమీ తెలియదనీ, అవన్నీ పాతకాలపు మాటలనీ, లెక్కలు చేసుకోమనీ అంది. మెరియానా మళ్ళీ అడిగింది. ఈసారి హేని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

బుధవారం పొద్దున బడి మెట్ల మీద షారన్ అనే పిల్ల ఎదురైంది. కథ సిద్ధమా అని అడిగి, మెరియానా మొహం చూసి విషయం పట్టేసింది.

“నీ కథ నీకే రాదా? మరి నువ్వేం మావోరివి?”

ఆ మాట మెరియానా చెవుల్లో మోగుతూనే ఉంది. తన వంతు వచ్చేసరికి లేచి నిలబడి, నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టింది. ఆ కొండ ఒకప్పుడు రాక్షసుడట. సూర్యుడి ముక్క ఒకటి దొంగిలించాడట. తన పూర్వీకులు వాణ్ణి చంపి, పైన మట్టి కప్పారట. మొదట తడబడింది. పిల్లలు కళ్ళు విప్పుకుని వినడం చూసి తర్వాత తనే నమ్మినట్టు చెప్పింది. ఐలీన్ కళ్ళు చెమర్చాయి. శుక్రవారం బడి మొత్తం ముందు, ఊరి పెద్దల ముందు ఈ కథే చెప్పాలి అంది.

మెరియానా తలొంచుకుని తన చోట్లో కూర్చుంది.

గురువారం సాయంత్రం పొయ్యి మీద పంది ఎముకలు, ఆకుకూర ఉడుకుతుండగా ఫోను మోగింది. మెరియానా తల్లి రిపేకా అప్పుడే మాంసం ఫ్యాక్టరీ నుంచి వచ్చి బూట్లు విప్పుతోంది. అటువైపు ఐలీన్ టీచరు. రిపేకా మొహం మెల్లగా వెలిగింది. థాంక్స్ చెప్పి, ఫోను పెట్టేసి, తల్లి వైపు తిరిగింది.

“అమ్మా, కొండ కథ దీనికి చెప్పావంటగా. టీచరు తెగ పొగుడుతోంది. మరాయే నుంచి పెద్దలందర్నీ పిలిచారట రేపు.”

“నేనేం చెప్పలేదే,” అంది హేని.

ఇద్దరూ మెరియానా వైపు చూశారు. ఆ పిల్ల బల్ల మీద సర్దుతున్న చెంచాలు వదిలేసి, ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పేసింది. రాక్షసుడు, దొంగతనం, మట్టి కప్పడం. వింటున్నకొద్దీ హేని మొహం పాలిపోయింది. ఆ కొండ వాళ్ళకి రాక్షసుడు కాదు. వాళ్ళ వంశానికి మూలపుటమ్మ. మరాయేలో, అంటే వాళ్ళ వంశమంతా కూడే సభాస్థలంలో, లేచి మాట్లాడే ప్రతి ఒక్కరూ ముందు ఆ కొండ పేరు చెప్పుకుని, తర్వాత తమ పేరు చెప్పుకుంటారు. రేపు ఆ పెద్దల ముందు, హేని సొంత మనవరాలు, ఆ మూలపుటమ్మని దొంగ అనబోతోంది.

రిపేకా కూతుర్ని తిట్టలేదు. కోపం మరోవైపు తిరిగింది.

“నన్నూ ఇలాగే పెంచావు. మా అత్తగారి మరాయేలో అందరూ మన భాషలో మాట్లాడుకుంటుంటే నేను గిన్నెలు కడుగుతూ ఊరికే నవ్వుతుంటాను. నన్నే తిట్టుకుంటున్నా నాకు తెలీదు. ఎందుకమ్మా? ఒక్క మాటైనా ఎందుకివ్వలేదు?”

హేని పొయ్యి దగ్గరికెళ్ళి మంట తగ్గించింది.

“నీకు దెబ్బలు పడకూడదని,” అంది.

ఏ దెబ్బలని రిపేకా అడిగింది. హేని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

శుక్రవారం హాలు నిండిపోయింది. ముందు వరసలో మరాయే పెద్దలు, వెనక తల్లిదండ్రులు. పొద్దున్నే టీచరుతో విడిగా నిజం చెప్పెయ్యమని రిపేకా నచ్చజెప్పింది కానీ, ఐలీన్ కుర్చీలు సర్దించే హడావిడిలో ఉంది. మెరియానా రెండుసార్లు దగ్గరికెళ్ళి, నోరు పెగలక వెనక్కి వచ్చేసింది. ఇప్పుడు పేరు పిలిచారు. వేదిక ఎక్కింది. ముందు వరసలో ముసలివాళ్ళు ఆప్యాయంగా చూస్తున్నారు. ఆ చూపే భరించలేకపోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. షారన్ పక్కపిల్లని మోచేత్తో పొడిచింది. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు వెనక తలుపు దగ్గర కదలిక. హేని వచ్చింది. మనవరాలి కోసం రోజూ వచ్చినా రోడ్డుకి అవతలే నిలబడే మనిషి. ఆమె బడి గేటు దాటి లోపలికి రావడం అంతకుముందెవరూ చూడలేదు. నడవాలో సగం దూరం వచ్చి ఆగింది. కుర్చీ వెనకభాగం పట్టుకుంది.

“నేను ఈ పిల్ల అమ్మమ్మని. అది తరగతిలో చెప్పిన కథ మాది కాదు. కల్పించింది. పెద్దలు దాన్ని కోప్పడొద్దు. నేను చెప్పలేదు కాబట్టి కల్పించుకుంది.”

ఆమె హాలు గోడలు ఒకసారి కలయజూసింది.

“నేనూ ఈ బడిలోనే చదివాను. చేరిన కొత్తలో దాహమేసి ‘వై’ అన్నాను. నీళ్ళు అని. అప్పటికి నాకు ఇంగ్లీషు మాట రాదు. తోలుపట్టాతో కొట్టారు. మర్నాడు మర్చిపోయి మళ్ళీ అన్నాను. మళ్ళీ కొట్టారు. ఆ తర్వాత అనలేదు. దాహంతోనే కూర్చునేదాన్ని. నాకు కూతురు పుడితే జోల పాడాను. మాటల్లేకుండా, నోరు మూసుకుని పాడాను.”

రిపేకా చేతుల్లో మొహం దాచుకుంది. ముందు వరసలో ఒక ముసలాయన తన అరచేతులు చూసుకుంటూ తల వంచాడు. ఆయనా ఆ బడిలోనే చదివాడు.

హెడ్మాస్టరు ఇబ్బందిగా లేచి, అవి పాతరోజులని, ఇప్పుడంతా మారిందని, ఇంత దూరం వచ్చారు కాబట్టి అసలు కథేదో ఆవిడే చెబితే పిల్లలు సంతోషిస్తారని అన్నాడు.

“చెప్పను,” అంది హేని. గొంతులో కోపం లేదు. “ముందు నా కూతురు వినాలి. నా మనవరాలు వినాలి. వాళ్ళ బాకీ తీరాక, మీకు చెప్పాలో వద్దో వాళ్ళిష్టం.”

ఆమె వేదిక వైపు చెయ్యి చాపింది. మెరియానా దిగి పరుగెత్తుకుంటూ వెళ్ళింది. ముగ్గురూ బయటికి నడుస్తుంటే పెద్దలు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

ఆ సాయంత్రం వంటింట్లో హేని మొదలుపెట్టింది. తేలిగ్గా రాలేదు. ఒక మాట అని ఆగిపోయేది. ఒక పేరు గుర్తు రాక బల్లని వేళ్ళతో కొట్టేది. రిపేకా మాటమాటకీ అర్థం అడిగింది. మెరియానా నిద్రపోయే వేళకి కథ కొండ దాకా కూడా రాలేదు.

సోమవారం తరగతిలో షారనే ముందు నోరు తెరిచింది. ఇంతకీ నిజం కథ ఏంటో మెరియానా ఇప్పుడు చెప్పాలి కదా అని టీచర్ని అడిగింది. మెరియానా బిగుసుకుపోయింది. ఐలీన్ మెరియానా వైపు చూడలేదు. తరగతి వైపు తిరిగింది. శని, ఆదివారాలు ఆమెకి నిద్ర లేదని కళ్ళే చెబుతున్నాయి.

“మెరియానా చెప్పక్కర్లేదు. తప్పు నాది. ఈ బడి ఎన్నో ఏళ్ళు లాక్కున్నదాన్ని ఒక చిన్నపిల్లని వారంలో తెచ్చిపెట్టమన్నాను. ఇంకోసారి ఎవరి కథైనా వినాలనిపిస్తే, అది వాళ్ళ నోట్లోనే ఎందుకు ఆగిపోయిందో ముందు కనుక్కోండి. ఆపింది మనమే అయితే, వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా కాచుకుని ఉండటం మన వంతు.”