మెట్ల పక్కన కడ్డీ

నేను స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాక గానీ మా ఆయనకి ఇల్లు బాగుచేయించాలన్న బుద్ధి పుట్టలేదు. ఏళ్ళ తరబడి కారుతున్న కుళాయి, తలుపు తీసినప్పుడల్లా వచ్చే కీచు చప్పుడు కనపడని, వినపడని మనిషికి ఒక్కసారిగా అన్నీ కనపడ్డాయి, వినపడ్డాయి. స్నానాల గదిలో జారని పలకలు వేయించారు. గడపలు కొట్టించేశారు. సుత్తి దెబ్బలకి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, మెట్లు ఒక ఎత్తు. మాది రెండో అంతస్తు. రోజూ కిందికి దిగి వీధి చివరిదాకా నడిచి రావాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఇప్పుడు కాళ్ళకి పని చెప్పకపోతే ఇక మంచమే అనుకోండమ్మా" అన్నాడు. మంచమంటే నాకు చచ్చేంత భయం. మా అత్తగారు అలాగే పడుకుని, మళ్ళీ లేవలేదు.

అందుకే మెట్ల పక్కన ఇనప కడ్డీ వేయిద్దామన్నారు మా ఆయన. వెల్డింగు మేస్త్రీ వచ్చి మెట్లన్నీ చూశాడు.

"అమ్మగారిని ఒకసారి మెట్టు మీద నిలబడమనండి సార్. చెయ్యి ఎక్కడికొస్తుందో చూసుకుంటాను."

"ఆవిణ్ణి లేపడం ఎందుకయ్యా? ఆవిడ బట్టలు కుట్టేది నేనే. కొలతలన్నీ నాకు నోటికొచ్చు, రాసుకో."

మా ఆయన జన్మంతా దర్జీ. ఆయన కుట్టిన బట్టకి మళ్ళీ సూది తగలక్కర్లేదని పేరు. దుకాణం మూసేసినా ఇంట్లో మిషను మూయలేదు. నాకు ఆయన చేతి జాకెట్టు తప్ప ఇంకొకటి తెలియదు. మేస్త్రీ ఏమంటాడు, రాసుకున్నాడు.

తీరా కడ్డీ బిగించాక చూస్తే అది నా మోచేతికి పైన వచ్చింది. పట్టుకుంటే బస్సులో వేలాడుతున్నట్టుంది. కిందికి దిగేటప్పుడు దాని మీద బరువు ఆనించడానికి లేదు.

"ఎలా ఉంది?" అన్నారు, రంగు అంటిన చేతులు తుడుచుకుంటూ.

"బావుంది" అన్నాను. ఆయనతో వాదించడానికి కావలసిన ఓపిక మెట్లు దిగడానికి కావలసిన ఓపిక కన్నా ఎక్కువ.

ఆ తరవాత రోజూ నాలుగు మెట్లు దిగడం, భుజం లాగేసి వెనక్కి రావడం. ఒకరోజు తలనొప్పన్నాను, ఒకరోజు ఎండన్నాను. కాళ్ళు బిగుసుకుపోతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది. మంచం మీంచి లేవడానికి కూడా ఆయన చెయ్యి కావలసి వస్తోంది. ఒక సాయంత్రం ఆయనకి కోపం వచ్చింది.

"ఇంత చేయించినా నువ్వు కదలకపోతే నేనేం చెయ్యను? రేపు నువ్వు మంచాన పడితే లేపడం నా వల్లవుతుందా?"

ఆ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. ఇక దాచలేకపోయాను.

"కడ్డీ ఎత్తయిపోయిందండీ. పట్టు దొరకట్లేదు నాకు."

"ఎత్తవడమేంటి? నీ కొలత నాకు తెలీదా? మొన్న కుట్టిన జాకెట్టు సరిపోలేదూ?"

"లేదు. భుజాలు, నడుము నేనే లోపలికి మడిచి కుట్టుకున్నాను."

"మొన్నటిదా?"

"అన్నీ. చాలా ఏళ్ళుగా."

ఆయన మంచం అంచున కూర్చుండిపోయారు. అరిచినా బాగుండేది.

"చెప్పొచ్చుగా" అన్నారు చివరికి.

"కుట్టి తెచ్చి, వేసుకుని చూపించమని నిలబడేవారు. ఆ మొహం చూస్తూ ఎలా చెప్పమంటారు?"

ఆయన లేచి, నన్ను లేపి గోడకి ఆనించి నిలబెట్టారు. పైనుంచి కిందిదాకా చూశారు. దుకాణానికి కొత్తగా వచ్చినవాళ్ళని అలా చూసేవారు.

"ఇంత తగ్గిపోయావా" అన్నారు, తనలో తను అనుకుంటున్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. తగ్గిపోయినందుకు కాదు. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, ఈయన చూస్తున్నది నన్ను కాదు, ఎప్పటి నన్నో. ఆనాటి ఆవిడకే బట్టలు కుట్టారు, ఆవిడకే కడ్డీ వేయించారు.

మేస్త్రీకి ఫోను చేస్తే ఎల్లుండి గానీ రానన్నాడు. ఆయన చెప్పులు వేసుకున్నారు.

"అప్పటిదాకా కూర్చుంటే కాళ్ళు కూడా కూర్చుంటాయి. పద, నా భుజం పట్టుకో."

ఇద్దరం ఒకే మెట్టు మీద నిలబడ్డాం. పెళ్ళయిన కొత్తలో ఆ భుజం మీద చెయ్యి వెయ్యాలంటే మునివేళ్ళ మీద లేవాల్సొచ్చేది. ఇప్పుడు అట్టే ఎత్తక్కర్లేకుండానే నా చెయ్యి వెళ్ళి దాని మీద ఆనింది. చొక్కా కింద ఎముక తగిలింది. ఆ చొక్కా కూడా వదులే.

ఆ మాట ఆయనతో అనలేదు. ముందు కిందికి దిగాలి.