వరసలో మిగిలిపోయిన పేరు

నలభై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకుని, వదిన దగ్గరే ఉద్యోగంలో చేరాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఆఫీసులో ఆవిడ నా పైఅధికారి అయినా నాకా పొగరు పోలేదు.

నాకిచ్చిన మొదటి పని ఒక పళ్ళ ఆసుపత్రిది. రావడం లేదని ఫోన్ చేసినవాళ్ళ పేర్లకు రిసెప్షన్‌లో అమ్మాయి పొద్దున్నే గుర్తు పెడుతుంది. తలుపులు తెరిచేముందు నా ప్రోగ్రామ్ ఒక్కసారి నడిచి, వాళ్ళను తీసేసి, ఆ రోజు వరస తెర మీద పెట్టాలి. నేను వరసలో ఒకటో చోటు, రెండో చోటు, మూడో చోటు అని అంకె వెంట అంకె పోతూ, గుర్తున్న పేరు కనబడితే అక్కడికక్కడే పీకేశాను. పది లైన్లయింది. చూసుకుని మురిసిపోయాను కూడా.

వదిన అందరి ముందే అంది: "ఈ లెక్కలన్నీ నీకెందుకు? లిస్టునే అడుగు. వచ్చేవాళ్ళని ఏరి కొత్త లిస్టు ఇమ్మంటే అదే ఇస్తుంది. ఒక్క లైను."

నాకు తల కొట్టేసినట్టయింది. పనిచేస్తోంది కదా, మార్చడమెందుకని వాదించాను. ఇంట్లో మూతి ముడుచుకుంటాననేమో, ఆవిడ సరేనని ఊరుకుంది.

వారం తిరక్కుండా ఫిర్యాదు వచ్చింది. రానివాళ్ళ పేర్లు కొన్ని తెర మీద ఉండిపోతున్నాయట. డాక్టరు పిలుస్తుంటే ఎవరూ లేవడం లేదట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మీ రిసెప్షన్ అమ్మాయే గుర్తు సరిగ్గా పెట్టడం లేదని వాళ్ళ మేనేజరుకు చెప్పేశాను. మళ్ళీ ఇలా జరిగితే ఆ పిల్లను మానిపిస్తానన్నాడాయన. నేను ఫోన్ పెట్టేశాను.

సంగతి విని వదిన నా పక్కన కుర్చీ లాక్కుంది. వరసలో తన పేరు, దాని వెనకే నా పేరు రాసి, రెండింటికీ గుర్తు పెట్టి ప్రోగ్రామ్ నడిపింది. ఆవిడ పేరు పోయింది. నాది నిక్షేపంగా ఉంది.

"నన్ను తీసేయగానే నువ్వు నా చోట్లోకి జరిగావు. నీ ప్రోగ్రామేమో ఆ చోటు చూసేశానని ముందుకెళ్ళిపోయింది. ఇక నిన్ను చూసేదెవరు?"

ఆవిడ చెప్పిన ఒక్క లైనూ అప్పుడు రాశాను. చూసి సరేనన్నది తానే కాబట్టి మేనేజరుతో తానే మాట్లాడతానంది వదిన. అది విన్నాక ఇంకా సిగ్గేసింది. నేనే వెళ్తానన్నాను.

ఆసుపత్రిలో నన్ను చూడగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే మెల్లగా అంది:

"ఒకటికి రెండుసార్లు చూసుకునే గుర్తు పెడుతున్నానండీ. అయినా ఎక్కడో తప్పు చేస్తున్నాను. మీకు శ్రమ కలిగించాను."

భూమి బద్దలైతే బాగుండుననిపించింది. మేనేజరును బయటికి పిలిచి, కూర్చున్నవాళ్ళందరూ వినేలా, తప్పు నా ప్రోగ్రామ్‌లో ఉందని, ఈ అమ్మాయి పనిలో ఏ లోపమూ లేదని చెప్పాను. ఆయన తలూపి, ఇకపైన అలా కాకుండా చూడమని లోపలికెళ్ళిపోయాడు.

ఆ అమ్మాయి మాత్రం నా మాట నమ్మలేదు. తనను వెనకేసుకొచ్చాననుకుని, నా చేయి పట్టుకుని థాంక్స్ చెప్పింది.