లేబుల్ రూమువాళ్ల తప్పు

ఇడ్లీపిండిలో ఉప్పు వేసి కలుపుతుంటే మా ఆయన అమర్‌నాథ్ వెనకనుంచి అన్నాడు: "మేనేజరుకు సారీ అనేదానికి ఏమన్నా దుడ్లు పెట్టల్లా? ఇంట్లో రోజుకు పదిసార్లు అంటావే, ఆడ ఒకసారి అంటే నీ సొమ్మేం పోతాది?"

చెయ్యి ఆగిపోయింది. నిజమే. కాఫీ చల్లారితే సారీ, పెరుగు పులిస్తే సారీ, కరెంటు పోయి మిక్సీ ఆగినా సారీ. మా అత్త చంద్రకాంతమ్మ తాను పెట్టుకున్న బకెట్టే తన్నుకున్నా సారీ నాదే. నేనింత చవగ్గా దొరుకుతున్నానని నాకే తెలియలేదు.

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నా ఉద్యోగం. ఆఫీసు నిండా విండోస్ కంప్యూటర్లే, వాటి ఇన్‌చార్జి చక్రధర్. డబ్బాల లేబుళ్లు అచ్చేసే చెన్నై ప్రెస్సువాళ్లు మ్యాక్ కంప్యూటర్లు వాడతారని, వెనక గదికి రెండు మ్యాక్‌లు కొని నాకు అప్పజెప్పారు. లేబుళ్లు తయారు చేయడం, ఆ రెండూ మొరాయిస్తే దారికి తేవడం నా పని. నేర్పినవాళ్లు లేరు. పుస్తకం చదివి, ప్రెస్సువాళ్లను ఫోన్లో విసిగించి నేర్చుకున్నాను. అయినా చక్రధర్‌ది 'సిస్టమ్స్ డిపార్టుమెంటు', నావి 'ఆ మూల రెండు పెట్టెలు'. పోయిన ఆయుధపూజకు ఆఫీసులో అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టినవాళ్లు నా గదిదాకా రాలేదు. "అవి వేరే జాతిలేక్కా" అని చక్రధర్ నవ్వాడు. ఇంటినుంచి కుంకుమ తెచ్చి నేనే పెట్టాను, రవ్వంత ఎక్కువే.

బయటికి పోయే ప్రతి డిస్కునూ తన కంప్యూటర్లో వైరస్ చూశాకే పంపాలని అతనొక రూలు పెట్టాడు. మ్యాక్ డిస్కు విండోస్‌కు అర్థం కాదయ్యా, పెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. పోయిన వారం నేను భోజనానికి పోయినప్పుడు, చెన్నైకి పోవాల్సిన డిస్కు తీసి తన దాంట్లో పెట్టాడు. చదవలేక అది, 'ఫార్మాట్ చేయమంటావా?' అని అడిగింది. చేయమన్నాడు. లేబుళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఖాళీ డిస్కునే కవర్లో పెట్టి బస్సుకు పంపించాడు.

ప్రెస్సువాళ్లు ఫోన్ చేశాక నిలదీస్తే, "ఏందో అడిగిందక్కా, సరేనని కొట్టేసినా" అని నసిగాడు. మేనేజరు మునికృష్ణ ముందు మాత్రం, "లేబుల్ రూమువాళ్ల తప్పు సార్" అన్నాడు. ఆ రూములో వాళ్లెవరు, నేనొక్కదాన్నే! నా మ్యాక్‌లో కాపీ ఉంది కాబట్టి వెంటనే ఇంకో డిస్కు పంపాను. అయినా లేబుళ్లు ఆలస్యమై సరుకు గోడౌన్లో ఆగిపోయింది. యజమానికి ఎవరో ఒకరి పేరు చెప్పాలి.

"చూడమ్మా పంకజాక్షీ, నువ్వు సారీ చెప్పేస్తే అయిపోతాది. చక్రధర్ మీద ఆఫీసంతా ఆధారపడి ఉండాది. కాదూ కూడదంటే ఆ రెండు పెట్టెలూ తీసేసి, నిన్ను టైపింగులో వేస్తాం" అన్నాడు మునికృష్ణ. రేపటిదాకా ఆలోచించుకోమన్నాడు. ఆ రేపు ఇదే. ఇడ్లీలు పెట్టేసి బస్సెక్కాను.

మేనేజరు గదిలో చక్రధర్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. నన్నెవరూ కూర్చోమనలేదు.

"లేబుళ్లు మళ్లీ పంపించినా సార్, అది నా పని. తప్పు నాది కాదు, నేను మొయ్యను. మ్యాక్‌లు తీసేస్తే తీసేయండి. ఎందుకు తీసేస్తాండారో చక్రధర్‌నే నా ముందర చెప్పమనండి."

"అదేందక్కా, ఇంట్లోవాళ్ల మాదిరి ఉండాము, ఇంత పెద్దది చేస్తావా?" అన్నాడు చక్రధర్.

"ఇంట్లోదాని మాదిరనే గదా నా నెత్తినేసింది!"

అంత గట్టిగా నేను ఆఫీసులో ఎన్నడూ మాట్లాడలేదు. మునికృష్ణ అతని వైపు తిరిగాడు. "ఏమప్పా, నువ్వేనా చెరిపేసింది?"

చక్రధర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అవును సార్."

"సరే, పోమ్మా" అన్నాడు మునికృష్ణ. మ్యాక్‌లు ఉంటాయో పోతాయో చెప్పలేదు. నేనూ అడగలేదు. నా గదికి పోయి రెండూ ఆన్ చేశాను.

సాయంత్రం పప్పు పొయ్యి మీద పెట్టి అత్తకు మాత్రలు ఇచ్చి వచ్చేసరికి అడుగంటింది. అమర్‌నాథ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.

"పప్పు మాడిందే!"

ఆయన తినేదాకా ఆగకుండా నేనూ కంచం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"అవును, మాడింది" అన్నాను.

ఇంకో మాట వస్తుందని ఆయన చూస్తూనే ఉన్నాడు. నేను అన్నం కలుపుకున్నాను.