మణికట్టు మాట

ఆ అమ్మాయి ఆక్యుపేషనల్ థెరపీ, అంటే దెబ్బతిన్నవాళ్లకి రోజువారీ పనులు మళ్లీ నేర్పే చదువు, చదువుతోంది. కీళ్ల కదలికల పాఠం క్లాసులో ఎంత విన్నా తలకెక్కక, ల్యాబులోని ప్లాస్టిక్ అస్థిపంజరం చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ కూర్చునేది. అలాంటి పిల్లకి ఆసుపత్రి వార్డులో ఒక పెయింటర్‌ని అప్పగించారు.

అతను గోడలకు రంగులు వేసేవాడు. పరంజా మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు కదలవు. మోచేతులు వంచగలడు, మణికట్టు పైకెత్తగలడు. వేళ్లు మాత్రం చచ్చుబడ్డాయి. బస్సు కండక్టర్‌గా పనిచేసే వాళ్లక్క సెలవు పెట్టి మంచం పక్కనే ఉంటోంది. ఆవిడ మామూలుగా మాట్లాడినా వార్డు ఆ చివరికి వినబడుతుంది.

రోజూ పొద్దున్నే అమ్మాయి అతని మణికట్టును వెనక్కి వంచి, వేళ్లన్నీ చాపి బాగా సాగదీసేది. "బిగుసుకుపోకుండా ఇలా చెయ్యాలక్కా" అని ఆవిడకీ నేర్పింది. ఆవిడ సాయంత్రాలు కూడా పట్టుదలగా సాగదీసేది.

ఒకరోజు అమ్మాయి అతని చెయ్యి తుడుస్తుండగా అతను మణికట్టు ఎత్తాడు. వేళ్లు మెల్లగా ముడుచుకున్నాయి. తువ్వాలు అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరుక్కుంది.

"అక్కా! వేళ్లు కదిలాయి!" అని అరిచింది అమ్మాయి.

అక్క చేతిలో గ్లాసు కింద పెట్టేసి తమ్ముడి తల గుండెకి హత్తుకుంది. వెంటనే పిన్నికీ, మేనమామకీ, తోటి కండక్టర్లకీ ఫోన్లు వెళ్లాయి. పెయింటర్ మాత్రం ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి అమ్మాయికి వార్డులో పని నేర్పే మేడమ్ వచ్చారు. అతని మణికట్టును కదలకుండా పట్టుకుని "వేళ్లు ముడువు" అన్నారు. ఏమీ జరగలేదు. "ఇప్పుడు మణికట్టు ఎత్తు." వేళ్లు ముడుచుకున్నాయి. "దించు." విచ్చుకున్నాయి. ఆవిడ అమ్మాయిని వరండాలోకి పిలిచారు.

"కదిలింది మణికట్టు. వేళ్లను ముడిచే కండరాల చివర తాళ్లలాంటివి ఉంటాయి, అవి మణికట్టు దాటి వేళ్ల దాకా వెళ్తాయి. మణికట్టు ఎత్తితే, అంటే వెనక్కి వంగితే, అవి బిగిసి వేళ్లని లాగుతాయి. అంతే."

"కానీ మేడమ్, ముడుచుకోవడం నేను చూశాను."

"నేనూ చూశాను. వేళ్లు ముడుచుకున్నాయి. అతను ముడవలేదు."

అమ్మాయి తల ఊపింది కానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

"ఇంకోటి. మణికట్టు వెనక్కి వంచి, వేళ్లు కూడా చాపుతున్నావట. ఆపెయ్. ఆ తాళ్లు సాగిపోతే ఈ కాస్త పట్టూ పోతుంది. అవి కొంచెం బిగువుగానే ఉండాలి."

"బిగుసుకోవడం మంచిది కాదు కదా మేడమ్?"

"ఇతనికి మంచిదే. శుభవార్త నువ్వే చెప్పావుగా, ఇదీ నువ్వే చెప్పు."

ఇంటికెళ్లే బస్సులో అమ్మాయి తన చేతినే చూసుకుంది. మణికట్టు వేలాడదీసి, వదులుగా వదిలేస్తే వేళ్లు విచ్చుకున్నాయి. ఎత్తితే ముడుచుకున్నాయి. తను ముడుస్తోందా, అవే ముడుచుకుంటున్నాయా? మళ్లీ దించింది. మళ్లీ ఎత్తింది. పక్క సీటావిడ తనని రమ్మంటోందనుకుని "ఏంటమ్మా?" అంది. ఇంట్లో అమ్మ "చేతికేమైందే?" అని కంగారుపడింది. "ఏమీ కాలేదమ్మా. అందుకే అర్థం కావట్లేదు" అంది అమ్మాయి.

మర్నాడు మంచం దగ్గర నిలబడి, తడబడుతూ అంతా చెప్పింది. అక్క మొహం కందగడ్డలా అయింది.

"నిన్న కదిలాయన్నావు, ఇవాళ కదల్లేదంటావు. బిగుసుకోకూడదని నా చేత సాగదీయించావు, ఇప్పుడు బిగుసుకోవాలంటావు. ఒక్క మాట మీద ఉండమ్మా!"

"కొంచెమే బిగుసుకోవాలక్కా. వేళ్లు చాపేటప్పుడు మణికట్టు కిందకి వాలాలి. మణికట్టు ఎత్తితే వేళ్లని ముడుచుకోనివ్వాలి. రెండూ ఒకేసారి చాపకూడదు. మీకు తప్పు నేర్పాను."

కళ్లలో నీళ్లు తిరిగాయి అమ్మాయికి. అక్క ఇంకా ఏదో అనబోయింది.

"ఆగక్కా" అన్నాడు పెయింటర్. "అంటే డాక్టరమ్మా, వేళ్లు నా మాట వినవు, మణికట్టు మాట వింటాయి. అంతేనా?"

"అంతే అనుకుంటా."

"మణికట్టు నా మాట వింటుంది కదా. నాకేం, చాలు."

ఆ పూటే మొదలుపెట్టాడు. అమ్మాయి మేడమ్ చూపించినట్టు అతని వేళ్ల మధ్యకి స్పాంజి ముక్క అందించింది. జారిపోయింది. చాలాసార్లు జారిపోయింది. అక్క అలక మానలేదు కానీ, పడ్డ ముక్కని మంచం కిందకి వంగి తీసిచ్చేది తనే.

కొన్ని వారాలకి అతను బిస్కెట్ పట్టుకుని నోటిదాకా తెచ్చాడు. సగం కొరికాడు, సగం దుప్పటి మీద రాలింది. అక్క నవ్వుతూ, ఏడుస్తూ, "పసిపిల్లాడిలా ఏంటిరా ఇది!" అని పొడి దులుపుతూ మరో బిస్కెట్ అందించింది.

గుమ్మంలో నిలబడ్డ మేడమ్ "ఇప్పుడు అర్థమైందా?" అని అడిగారు.

"చెయ్యడం అర్థమైంది మేడమ్" అంది అమ్మాయి. "ఇంకొకరికి చెప్పమంటే మాత్రం ఇంకా తికమకే."