గండిలో చెంబెడు మజ్జిగ

ఆదినారాయణకు కడుపులో మంట. కంచం ముందు కూర్చున్నాడంటే చాలు, ఈ ఉప్పు ఎవరి అంగడిది, ఈ నీళ్లు ఎవరు తోడారు అని ఆయన విచారణ మొదలవుతుంది. భార్య ప్రమీలమ్మ ఒక ముద్ద తిని చూపిస్తే గానీ చెయ్యి పెట్టడు. లింగాలలో పేరున్న రైతు. ఊరంతా లేచి దండం పెట్టే మనిషి. కానీ ఆ దండం పెట్టిన చేతుల్లో ఏముందో అని కూడా ఆయనకు అనుమానమే.

దీనికంతటికీ మూలం జిల్లా బోర్డు ఎన్నికలు. చెల్లెలు సుబ్బరత్నమ్మను జమ్మలమడుగు దగ్గరి పల్లెలో కొండప్పకు ఇచ్చారు. ఎన్నికల్లో ఆ బావా ఈ బావా చెరో పక్షం చేరారు. మాటా మాటా పెరిగింది. ఆదినారాయణ గడ్డివాములు తగలబడ్డాయి. వెంటనే కొండప్ప జీతగాడి చెయ్యి విరిగింది. చేసినవాళ్లను ఎవరూ చూడలేదు, చేయించినవాళ్లెవరో అందరికీ తెలుసు. అప్పటినుంచి సుబ్బరత్నమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. తల్లి లేని ఆ పిల్లను భుజాన మోసి పెంచింది ఆదినారాయణే. ఆమెను చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా పైకి అనడు. అంటే ఎవరైనా వెళ్లి కొండప్ప చెవిన వేస్తారని భయం.

రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పెద్దమనుషులు కాళ్లరిగేలా తిరిగి చివరికి రాజీ కుదిర్చారు. శనివారం పాపఘ్ని నది ఒడ్డున గండి గుడిలో ఆంజనేయస్వామి ఎదుట ఇద్దరూ కలవాలి, ఒకరింటి మజ్జిగ ఇంకొకరు తాగాలి. పగ ఉన్న ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు గనుక, మజ్జిగ తాగితే పగ లేనట్టే లెక్క. ఆ తర్వాత సుబ్బరత్నమ్మ అన్న బండెక్కి లింగాలకు రావచ్చు.

ఆ వారంలోనే ఆదినారాయణ ఎప్పటిలాగే మంటకు మందు కోసం ప్రొద్దుటూరు వెళ్లాడు. హకీం అబ్దుల్ సలాం అక్కడ పేరున్న యునానీ వైద్యుడు. యునాను అంటే గ్రీకు దేశం. ఎన్నడో పోయిన ఆ దేశపు పెద్దల గురించి ఆయన పక్కింటివాళ్ల గురించి చెప్పినంత చనువుగా చెబుతాడు. సోక్రటీసు ఆయనకు సుక్రాత్, ప్లేటో అఫ్లాతూన్. మందు పొట్లంతో పాటు వాళ్ల మాట కూడా ఒకటి కట్టి ఇస్తాడు.

"నీ మంట ఉట్టి మందుతో పోయేది కాదప్పా," అన్నాడు హకీం, నాడి పట్టుకుని. "సుక్రాత్ అని శానా పెద్దాయన ఉండె. ఊరోళ్లే ఆయన్ను విషం తాగి సావమని తీర్పు చెప్పిరి. దోస్తులు పారిపొమ్మన్యా పోలే. గిన్నె తెచ్చినోణ్ణి గూడా ఒక మాట అనలే. మనం మజ్జిగ తాగినట్టు తాగేసినాడు."

"యాలప్పా తాగల్ల? ఏం కర్మ?"

"ఒకరు మనకు కీడు చేస్తే మన ఒళ్లే చెడతాది. మనం ఒకరికి చేస్తే లోపలుండే మనిషే చెడతాడు. అందుకని కీడు చేసేదానికన్నా పడేదే మేలనేటోడు."

ఆ చివరి మాటలేవీ ఆదినారాయణకు ఎక్కలేదు. మజ్జిగ దగ్గరే ఆయన చెవులు ఆగిపోయాయి.

ఆ సీమలో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఎవరూ ముఖాన చెప్పరు. చెప్పినవాడికి సాక్ష్యం చుట్టుకుంటుంది. అందుకని ఎద్దుల జబ్బు గురించో, ఎక్కడో పోయిన మనిషి గురించో మాట్లాడి వెళ్లిపోతారు. తెలివైనవాడు అర్థం చేసుకుంటాడు. ఆదినారాయణ తనను తెలివైనవాడి కిందే జమ కట్టుకున్నాడు. జమ్మలమడుగు వాళ్లు కూడా ఈ హకీం దగ్గరికే వస్తారు. వాళ్ల నోట ఏదో విని ఉంటాడు. లేకపోతే ఇన్నేళ్లూ లేనిది, రాజీకి ముందు విషం కథ ఎందుకు తీస్తాడు?

ఇంటికి వచ్చి ప్రమీలమ్మతో చెప్పాడు. ఆమె నెత్తి కొట్టుకుంది.

"నీకు పిల్లి అరిసినా కొండప్పన్న గొంతే ఇనపడతాది. ఆ సాయిబు ఏందో నీతి సెప్పినాడు. అంతదానికి ఇంత రాద్ధాంతమా?"

"నీకేం తెల్సు? నోర్మూసుకో," అన్నాడు.

శనివారం గండి జనంతో నిండిపోయింది. పాపఘ్ని ఒడ్డున ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. ముందుగా ఆదినారాయణ ఇంటి మజ్జిగ కొండప్పకు ఇచ్చారు. కొండప్ప కళ్లు మూసుకుని గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. ఆ కళ్లు మూసుకోవడం కూడా ఆదినారాయణకు నచ్చలేదు. తప్పు చేసినవాడే కళ్లు దాచుకుంటాడనుకున్నాడు.

తర్వాత సుబ్బరత్నమ్మ చెంబు పట్టుకుని అన్న ముందుకు వచ్చింది. చిక్కిపోయింది. చెంపల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. ఆమెను చూడగానే ఆదినారాయణకు ఏడుపు ముంచుకొచ్చింది. చెంబు అందుకున్నాడు, పెదవుల దాకా ఎత్తాడు. కొండప్ప మనుషులంతా తన చేతినే చూస్తున్నారు. చెయ్యి దిగిపోయింది.

"బావా, ముందు నువ్వు రోంత తాగు," అన్నాడు.

పెద్దమనుషులు తలలు దించుకున్నారు. కొండప్ప లేచి చెయ్యి చాచాడు గానీ, సుబ్బరత్నమ్మ మధ్యలో అడ్డం వచ్చి చెంబు లాక్కుంది. అన్న ఎదురుగా నిలబడే తాగింది. చుక్క మిగల్చకుండా తాగింది.

ఆదినారాయణ ఆమె ముఖం వంకే చూస్తున్నాడు.

"పడతానేమోనని సూస్తాండావు గదన్నా?" అంది ఆమె.

నిజంగా అదే చూస్తున్నాడు.

"నీ అనుమానం ఆయప్ప మీద అనుకుంటి. ఇది నేను సిలికి, నేను తెచ్చిన మజ్జిగ. ఇంగ నీ బండి నువ్వు తోలుకోని పో."

"సుబ్బీ, నా మాట ఇనమ్మా," అంటూ ఆదినారాయణ వెంటపడ్డాడు. ఆమె తిరిగి చూడలేదు. భర్త బండెక్కి జమ్మలమడుగు దారి పట్టింది.

ఆదినారాయణ మరుసటి పొద్దునే ప్రొద్దుటూరు వెళ్లి హకీం మీద విరుచుకుపడ్డాడు.

"ఆ పొద్దు విషం కథ నాకు యాల సెప్పినావు? నిజం సెప్పు! కొండప్ప మనుషులు నీకాడ ఏమన్యారు?"

హకీంకు మొదట ఏమీ అర్థం కాలేదు. సంగతంతా విని గోడకు జారగిలబడ్డాడు.

"నీకొక్కనికేనా చెప్పినా? అంతకు ముందురోజే మీ బావకు గూడా చెప్పినా. ఆయనదీ నీ రోగమేనప్పా. తిండి సహించదు, నిద్ర రాదు."

"ఆయప్పకూ ఇదే కథా?"

"ఇదే. ఆయన గూడా నీ మాదిరే భయపడె. మా బావ ఇంటి మజ్జిగలో ఏముంటాదో అని ఈడే కూర్చోని శానాసేపు వణికె."

"మరి ఎట్ల తాగినాడు?"

"ఎట్ల తాగుతావని నేనూ ఆ పొద్దే అడిగితి. ఏమన్నా కానీ తాగుతా సాబూ, ఆమె పుట్టింటికి పోవల్లని ఏడుస్తాంది అనె."

ఆదినారాయణ రోగులందరి ముందూ ముఖం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు.