బొరియలోంచి వచ్చిన జాస్పర్

ఆదోనిలో దూది వ్యాపారం చేసే జనార్ధన్ ఇంట్లో ఆ కుక్కకు రెండు పేర్లుండేవి. కెన్నెల్ క్లబ్బువాళ్లిచ్చిన కాయితం మీద జాస్పర్. ఇంట్లో బుడ్డోడు. వేరుశనగ కాయను ఆ పక్క బుడ్డ అంటారు. పొట్టి కాళ్లు, వీపు మీద మట్టిరంగు మచ్చ, నడుమ సన్నటి నొక్కు. అచ్చం బుడ్డలాగే ఉండేది. కాయితం పేరుతో పిలిస్తే చెవి కూడా కదిపేది కాదు. జనార్ధన్ కూతురు నవ్య "బుడ్డోడా" అని గొణిగితే చాలు, మిద్దె మీంచి దొర్లుకుంటూ వచ్చి కాళ్ల మీద పడేది.

దాన్ని తెచ్చింది నవ్య అన్న గిరిధర్. పెంచింది నవ్య. గిరిధర్‌కు కుక్క కంటే దాని వంశం మీదే మోజు. అన్నానికి కూర్చుంటే అదే పాట.

"ఇంగ్లండులో ఒక పాదిరి నక్కల వేటకు పెంచినాడమ్మా వీటిని. మూలం ఒకటే. పొట్టిగా, ఎత్తు కంటే ఒళ్లు పొడుగుంటే జాక్ రస్సెల్. కాళ్లు పొడుగై, చదరంగా నిలబడితే పార్సన్ రస్సెల్. ముందు అన్నిటినీ ఒకటే అనుకున్నారు, తర్వాత విడదీసి రాసుకున్నారు. అమెరికాలో ఆ పొట్టిదాన్ని ఉత్త రస్సెల్ అంటారు. ఇంకో క్లబ్బుంది, వాళ్లు పొడుగూ పొట్టీ అన్నీ ఒకే పుస్తకంలో పెట్టుకున్నారు. పిల్లగా ఉన్నప్పుడు రాయనే రాయరు. ఏడాది నిండినాక ఒక్కోదాన్ని విడిగా చూసి, అప్పుడు రాస్తారు."

"నీ సంబంధాలకు గూడా నేను ఇన్ని తరాలు చూల్లేదు కదరా," అనింది తల్లి కృష్ణకుమారి, మజ్జిగ పోస్తూ. "కుక్కకు గోత్రం కుదిరింది. నీకే కుదర్లా."

ఎమ్మిగనూరు అవతల వాళ్లకు కొంత ఎర్రనేల ఉంది. జయన్న దాన్ని కోరుకు, పంటలో వాటాకు, చేస్తాడు. ఆ ఏడు విత్తనానికి ముందే గట్టు వెంబడి పందికొక్కులు తవ్వేసినాయని అతను చెప్పగానే గిరిధర్ ఎగిరి గంతేసినాడు. టెర్రియర్ అంటేనే మట్టిలోకి దూరే కుక్క, దాని పని అది చెయ్యాల్సిందే అన్నాడు. నవ్యకు ఇష్టం లేకపోయినా వెంట పోయింది.

జయన్న మిగతా బొక్కలన్నీ రాళ్లతో మూసి, గట్టు కింద ఒక్కటి వదిలినాడు. బుడ్డోడు వాసన చూసి, ఒకసారి నవ్య వైపు తిరిగి, లోపలికి దూరింది. మొరుగుడు కాళ్ల కింద వినిపించింది. తర్వాత చేను మధ్యలో ఎక్కడో. తర్వాత ఏమీ లేదు.

ఎండ ఎక్కింది. గిరిధర్‌కు భయం పట్టుకుంది. బోర్లా పడుకుని బొరియకు నోరు ఆనించి "జాస్పర్! జాస్పర్!" అని అరిచినాడు.

జయన్న అతని చొక్కా పట్టి వెనక్కి లాగినాడు. "పేరు పెట్టి పిలవొద్దప్పా! ఈల వెయ్యి, గిన్నె కొట్టు. పేరు మాత్రం బొక్కలోకి ఇయ్యకూడదు."

"ఏం, పందికొక్కులు నా కుక్క పేరుతో ఆధార్ కార్డు చేయించుకుంటాయా?"

జయన్న నవ్వలేదు. "మా నాయన సెప్పినాడు. ఎందుకని నేను అడగలా."

అంతలోనే బొరియలోంచి కుక్క బయటికి వచ్చింది. ఎర్రమట్టిలో అంతసేపు పొర్లినదాని ఒంటి మీద ఒక్క మరక లేదు. వీపు మీది మచ్చ తప్ప కడిగి తుడిచినట్టు తెల్లగా ఉంది. నేరుగా గిరిధర్ దగ్గరికి నడిచి, పోటీలో నిలబడినట్టు నాలుగు కాళ్లూ సర్దుకుని నిలబడింది.

"బుడ్డోడా," అనింది నవ్య. అది తిరగలేదు.

"జాస్పర్," అన్నాడు గిరిధర్. అది తల ఎత్తింది.

ఇంటికి వచ్చినాక గిరిధర్‌కు పట్టరాని సంతోషం. కుక్కకు బుద్ధి వచ్చిందన్నాడు. పెట్టింది తింటుంది, రమ్మంటే వస్తుంది, మిద్దె ఎక్కదు. బజారుకు తీసుకుపోతే వీధికుక్కలు మొరగవు, పక్కకు తప్పుకుని గోడకు ఆనుకుంటాయి. నవ్య మాత్రం చూస్తూ ఉండేది. బుడ్డోడు నవారు మంచం కింది నుంచి తల వంచకుండా పరుగెత్తేది. ఇది దూరబోతే వీపు పట్టెకు తగులుతుంది. తగిలినప్పుడల్లా ఆగి, మంచాన్ని కాక నవ్యను చూస్తుంది.

"అన్నా, ఇది పెరిగింది."

"రెండేండ్లు దాటిన కుక్క యాడన్నా పెరుగుతాదా? నువ్వే తగ్గినావేమో చూసుకో."

బళ్లారిలో కుక్కల పోటీకి నవ్య కూడా పోయింది. కొలిచే పెద్దాయన పేరు ప్రదీప్. భుజం మీద కొలకర్ర ఆనించి చూసి, మళ్లీ ఆనించినాడు.

"ఇది పార్సన్ కదయ్యా. కాళ్లు చూడు, ఒళ్లు చూడు. చదరంగా ఉంది. పొట్టిదాని వరసలో నిలబెట్టినావేంది?"

గిరిధర్ కాయితం చూపించినాడు. మెడ మీద యంత్రం పెడితే చర్మం కింది చిప్పు నంబరు పలికింది. కాయితం మీది నంబరే.

"అయితే పోయినసారి కొలిచినవాడు పొరబడి ఉంటాడు."

"పోయినసారి కొలిచింది మీరే సార్," అన్నాడు గిరిధర్.

ప్రదీప్ పెద్దగా నవ్వినాడు. "అయితే నా కండ్లద్దాలదే తప్పు! ఏమీ అనుకోవద్దు. రెండూ దాయాదులే, ఒక్కోసారి పొట్టిదాని ఈతలో పొడుగుది తేలుతుంది. ఎత్తు మించింది గనక బహుమతి రాదు. తల్లీదండ్రీ జాక్ రస్సెల్ గనక పుస్తకంలో మాత్రం ఇది జాక్ రస్సెలే. కొలకర్ర ఒకటి చెప్తుంది, పుట్టుక ఒకటి చెప్తుంది. మేము పుట్టుక రాసుకుంటాం."

"జాతి సంగతి కాదు సార్," అనింది నవ్య. "ఇది మా కుక్కేనా అని ఏది చెప్తుంది?"

"చిప్పు చెప్పింది కదమ్మా." ఆ మాట అంటూనే ఆయన కుక్క మీంచి చెయ్యి తీసి ప్యాంటుకు తుడుచుకున్నాడు. "పొద్దుటి నుంచి ఎండలో ఉంది. ఒళ్లింత చల్లగా ఉందేమి?"

మర్నాడు జయన్న విత్తనాలకని ఆదోనికి వచ్చినాడు. గిరిధర్ అంగట్లో ఉన్నాడు. గడప దగ్గర కూర్చున్న కుక్కను చూసి జయన్న లోపలికి అడుగు పెట్టలేదు. నవ్యను బయటికి పిలిచి గొంతు తగ్గించినాడు.

"పాపా, ఆ బొక్కలో ఏందో గీకుతాంది. మూలుగుతాంది. నేను పలకలా. రేపు ట్రాక్టర్ వస్తాది, సాయంత్రంలోగా పూడ్సాల."

నవ్య చెప్పులేసుకుంది. ఆటో మాట్లాడుకుని, కుక్కను ఎక్కించుకుని, జయన్నతో పాటు బయల్దేరింది. దారి పొడుగునా ఆ కుక్క బయటికి చూడలేదు. ఎమ్మిగనూరు దాటినాక మాత్రం తోక ఒకసారి ఆడించింది.

గట్టు దగ్గర గాలి కూడా లేదు. నవ్య బొరియ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కాసేపటికి లోపలి నుంచి గిరిధర్ గొంతు వినిపించింది.

"జాస్పర్! జాస్పర్!"

గిరిధర్ ఆదోనిలో అంగట్లో ఉన్నాడు. నవ్య చేతి కింద కుక్క లేచి నిలబడింది. తొందర లేకుండా, పని ముగించుకుని ఇంటికి పోయేదానిలా నడిచి, చీకట్లోకి దిగిపోయింది.

జయన్న ఈల వేసినాడు. గిన్నె కొట్టినాడు. ఏమీ రాలేదు. పొద్దు వాలుతోంది. అతను పార అందుకున్నాడు. "సాలమ్మా. పోయిందొకటి పోయింది, లేసి రా."

నవ్యకు ఆగబుద్ధి కాలేదు. చేయకూడదని తెలిసే వంగింది. "బుడ్డోడా," అనింది లోపలికి.

గీకుడు. మట్టి రాలిన చప్పుడు. ముందు ముక్కు, తర్వాత ఎర్రగా మట్టి పట్టిన తల, పక్కటెముకలు తేలిన చిన్న ఒళ్లు. బుడ్డోడు పాక్కుంటూ వచ్చి ఆమె ఒళ్లో పడింది. వేడిగా ఉంది. గుండె డప్పులా కొట్టుకుంటోంది. నవ్య దాన్ని ఎత్తుకుని వెనక్కి జరిగి, "మూసెయ్ జయన్నా," అనింది.

అతను మొదటి పార మన్ను వేసినాడు.

"జయన్నా, మూయొద్దు," అనింది బొరియలోంచి నవ్య గొంతు. "నేనింకా లోపలే ఉండా."

జయన్న పార అట్లాగే గాల్లో ఉండిపోయింది. బొరియ వైపు చూసినాడు. నవ్య వైపు చూసినాడు. ఆమె నుంచి ఒక అడుగు ఎడంగా జరిగినాడు.

"మీ అమ్మ పేరేంది?" అన్నాడు. ఎవరిని అడిగినాడో అతనికే తెలియదు.

"కృష్ణకుమారి," అనింది బొరియ, నవ్య నోరు తెరవక ముందే. "నాయన జనార్ధన్. అన్న గిరిధర్."

నవ్యకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. చెప్పినా అవే మాటలు. జయన్న ఆమె ముఖంలోకి, చేతుల్లోకి, కాళ్ల దగ్గరి నీడలోకి చూసినాడు. తర్వాత కుక్కను చూసినాడు. బుడ్డోడు బొరియకు వీపు పెట్టి, ఆమె గడ్డం కింద ముక్కు దూర్చి, తోకతో ఆమె మోచేతిని కొడుతోంది. జయన్న చాలాసేపు ఆ తోకనే చూసి, పార దించి మన్ను వేయడం మొదలుపెట్టినాడు.

లోపలి గొంతు ఆగలేదు. చదివిన బడి చెప్పింది, మజ్జిగ పోసే చెంబు మీద సొట్ట చెప్పింది. ఒక్క తప్పు లేదు. మన్ను పడేకొద్దీ సన్నబడుతూ, చివరికి ఇట్లా అనింది: "ఉరుకుంద గుడిలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నాకు పెట్టిన పేరు ఈరమ్మ."

ఆ సంగతి నవ్యకు తెలియదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. తిరుగు ప్రయాణంలో, ఒళ్లో కుక్క నిద్రపోతుంటే, ఇంటికి పోగానే అమ్మను అడగాలనుకుంది.

ఇల్లు చేరింది. కృష్ణకుమారి తలుపు తీసింది. అమ్మ ఔనంటే మన్ను కింద ఉండిపోయింది ఎవరో అని నవ్య అడగలేదు. ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.