ఇరవై తగ్గించి ఇరవై పెంచితే

నేను ఒక జిరాక్సు యంత్రాన్ని. ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో పుట్టి, బెంగళూరు ఆఫీసులో కొన్నేళ్లు ఊడిగం చేసి, అక్కడికి కొత్తది రాగానే కదిరి బస్టాండు ఎదుట ఇలియాసు కొట్టుకు చేరాను. ఆధార్ కార్డులు, పొలం పాసుపుస్తకాలు, పరీక్షల ముందు చీటీలంతగా కుదించిన పాఠాలు, అన్నీ నా అద్దం మీద బోర్లా పడుకున్నవే. చెప్పింది చేయడమే నా పని. చెప్పింది తప్పో ఒప్పో అడిగే మీట నాకు పెట్టలేదు.

ఓబులేసు ఆ బస్టాండులోనే ఉడికించిన శనక్కాయలు అమ్మేవాడు. కూతురు హిమజకు పుట్టుకతోనే ఎడమ పాదం కాస్త లోపలికి తిరిగి ఉంది. రోజూ సైకిలు మీద బడికి దించేవాడు. ఆ పిల్ల ఏడో తరగతిలో ఉండగా ఊళ్లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. డాక్టరమ్మ రెండు పాదాలూ పెద్ద కాగితం మీద గీసిచ్చి, తిరుపతిలో ఇలాంటి పాదాలకు బూట్లు కుట్టే మేస్త్రీకి పంపమంది. అవి వస్తే బడికి తానే నడిచి వెళ్లవచ్చని హిమజ ఆశ.

కాగితం మడిస్తే గీత చెదురుతుందని మేస్త్రీ ఫోనులో ముందే చెప్పాడు. అంత పెద్ద కవరు దొరకలేదు. ఇలియాసు అభిమానం కొద్దీ ఒక ఉపాయం చెప్పాడు. బొమ్మను నాలో పెట్టి ఇరవై శాతం తగ్గించాడు. అక్కడ ఇరవై శాతం పెంచుకొమ్మని అడుగున రాసి పంపాడు. తగ్గించినంతే పెంచితే మొదటికొస్తుందని ఇద్దరూ నమ్మారు. నాకు తెలిసినా నోరు లేదు.

బూట్లు వచ్చాయి. ఓబులేసు వాటికి పసుపు కుంకుమ పెట్టి మురిసిపోతుంటే, బిగువుగా ఉన్నాయని హిమజకు చెప్పబుద్ధి కాలేదు. పంటి బిగువున నడిచింది. కొద్దిరోజులకే ఎడమ పాదం బొటనవేలు చితికి పుండైంది. వానాకాలమంతా మంచం మీదే గడిచింది. ఓబులేసు వచ్చి అడిగితే ఇలియాసు నన్ను చూపించి, పాత మిషను కదా, కొలత తప్పి ఉంటుందన్నాడు. యంత్రమంత సులువుగా దొరికే ముద్దాయి మనుషులకు ఇంకెవరుంటారు?

పుండు మానుతుండగా హిమజ మళ్లీ బడికి వెళ్లింది. అప్పుడే శాతాల పాఠం మొదలైంది. ఒక సాయంత్రం తండ్రి సైకిలు దిగి నేరుగా కొట్టులోకి కుంటుతూ వచ్చింది.

"మిషను తప్పు కాదన్నా. నూటిలో ఇరవై తీస్తే ఎనభై. ఆ ఎనభైలో ఇరవై శాతమంటే పదహారే గదా. తొంభై ఆరు కాడికే వస్తాది. మళ్లా నూరు కావాలంటే ఇరవై అయిదు శాతం పెంచాల."

ఇలియాసు పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు.

సరైన కొలతతో ఇంకో కాపీ తీయబోతే ఓబులేసు వారించాడు. పాదం పెరిగింది, వేలు వంకర తిరిగింది, పాత బొమ్మ ఇక పనికిరాదు. ఇలియాసు నా స్విచ్చి కట్టేసి, నేల మీద కాగితాలు అతికించి మోకాళ్ల మీద కూర్చున్నాడు. తిరుపతికి తానే పట్టుకుపోయి ఇస్తానన్నాడు.

"మెల్లగా గీయన్నా," అంది హిమజ. "ఆడ ఇంకా నొప్పుంది."

ఈసారి బూట్లు సరిగ్గా కుదిరాయి. హిమజ నడిచే వెళ్లసాగింది. నన్ను పాత ఇనుము బండికెత్తించిన ఉదయం ఆ పిల్లను చివరిసారి చూశాను. వెనక సంచీ, పక్కన తండ్రి. పాత నొప్పి గుర్తొచ్చినట్టు, ఎడమ కాలు నేలకు ఆనించే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతోంది. ఓబులేసు అటు చూడకుండా నడుస్తున్నాడు.